గిన్నె కోళ్లు చెట్టు దిగట్లేదు, గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో తెలీట్లేదు

చీనీతోట_కళ్యాణదుర్గం:
అందరికీ నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, రెండెకరాల చెనక్కాయ చేను. తోటలో పాముల భయం, ఆవులకు పిడుదుల బాధ. గిన్నె కోళ్లు (గినీ ఫౌల్) ఉంటే రెండూ పోతాయని ఒకాయన చెప్తే, ఫిబ్రవరిలో సంతలో జత 1,300 లెక్కన పన్నెండు పెద్దవి తెచ్చాం. నాటుకోళ్ల మాదిరి సాయంత్రానికి అవే వస్తాయిలే అని తెచ్చిన రోజే గంప ఎత్తేశాం. ఐదు అట్లే లేచి వంకలోకి పోయాయి, మళ్లీ కనపడలేదు. మిగిలిన ఏడూ రాత్రిళ్లు వేపచెట్టు మీదే. కుక్క కదిలినా అరుపే, బండి పోయినా అరుపే. మా అత్తకు నిద్ర లేదు. "కోళ్లు తెమ్మంటే కొరివి దయ్యాలను తెచ్చినావు" అంటోంది.

గూట్లోకి రావాలంటే ఏం చేయాలి? మగది ఏది, ఆడది ఏది? ఉగాది పోయి నెలయింది, ఒక్క గుడ్డూ కనపడలేదు. పైగా ఇవి అడవి పక్షులు, ఫారెస్టోళ్లు కేసు పెడతారని పక్క తోటాయన భయపెడుతున్నాడు. అదొక టెన్షన్.

రిగ్గు_పులివెందుల:
చెల్లెమ్మా, ముందు కేసు సంగతి. మన గుట్టల్లో తిరిగే నెమళ్లు, కౌజులు వేరే. వాటి జోలికి పోతే 1972 వన్యప్రాణుల చట్టం ఉంది. గిన్నె కోడి ఈ దేశపు పక్షే కాదు, ఆఫ్రికాది. మన గిన్నెకూ దానికీ సంబంధం లేదు, గినీ తీరం పేరు అట్లా నోట్లో తిరిగింది. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని మూడు రకాలు రైతుల కోసమే తయారు చేసింది. మీ పక్క తోటాయనకు ఈ ముక్క చెప్పండి.

నేను టాంజానియాలో ఆరేళ్లు బోరు రిగ్గు మీద పనిచేశాను. తెల్లారుజామున మట్టి రోడ్డు మీద బండి పోతుంటే ముందర ఇవే, ఇరవై ముప్పై, బడిపిల్లల్లా వరసగా. హారన్ కొడితే ఎగరవు, పరిగెత్తుతాయి. మరీ మీదికొస్తేనే రెక్క విప్పుతాయి. పొద్దుగూకితే అన్నీ తుమ్మచెట్టెక్కాల్సిందే, కింద నక్కలుంటాయి కదా. అక్కడ వీటిని కాంగా అంటారు. ఆడవాళ్లు కట్టుకునే రంగుల గుడ్డకూ అదే పేరు. మీ వేపచెట్టు మీద ఉన్నవీ ఆ జాతే. మీరు 1,300 ఇచ్చి కొన్నారని వాటికేం తెలుసు?

కొత్తగా తెచ్చినవాటిని నాలుగు నుంచి ఆరు వారాలు మూసే పెట్టాలి. ఇప్పుడైనా చేయొచ్చు. రాత్రి టార్చి వేసుకుని నిచ్చెన ఎక్కండి, చీకట్లో వాటికి సరిగా కనపడదు. కాళ్లు పట్టి మాత్రం లాగొద్దు, పుటుక్కున విరుగుతాయి. రెక్కలతో కలిపి ఒళ్లంతా పొదివి పట్టుకోవాలి. పైన కూడా వల కట్టిన గూట్లో వేసి, రోజూ ఒకటే వేళకు రేకుడబ్బా కొట్టి సద్దలు చల్లండి. నెల దాటాక ముందు రెండే వదలండి. లోపలున్నవాళ్లను విడిచి అవి పోవు. గూట్లో చిన్న బల్బు ఉంచండి, చీకటి గూట్లో అడుగు పెట్టవు.

మగా ఆడా అంటారా, చెవులే దిక్కు. ఆడది రెండు ముక్కలుగా అరుస్తుంది. మా జేజికి అది "పట్రా, పట్రా" అన్నట్టు వినపడేది. మగది ఒకే ముక్క, చిక్ చిక్ చిక్ అని. బెదిరితే ఆడదీ అట్లే అరుస్తుంది గానీ, మగదాని నోట "పట్రా" రాదు.

గుడ్లు ఉగాది నుంచి వినాయక చవితి దాకా పెడతాయి. ఎండాకాలం పక్షి, చలికాలంలో ఆశ పెట్టుకోవద్దు. రెండు మూడు పెట్టలు ఒకే పొదలో పెడతాయి. పదకొండు నుంచి మూడింటి దాకా నీడలో కూర్చుని చూడండి. ఒక పుంజు పని లేనట్టు ఒకచోటే నిలబడి ఉంటే, దాని వెనకాల వెతకండి. దొరికితే అన్నీ ఊడ్చేయొద్దు, నాలుగైదు వదలండి. లేకపోతే చోటు మార్చేస్తాయి.

పామును చంపుతాయని నమ్మి చెప్పులు లేకుండా తిరగొద్దు. చుట్టూ చేరి అరిచి చూపిస్తాయి, ఎక్కువగా అంతవరకే. పిడుదులు, మిడతలు, చెదలు మాత్రం ఏరుకు తింటాయి. చెనక్కాయ విత్తనం వేసినప్పుడు మాత్రం మూసేయండి, మొలకలు పీకుతాయి.

నాటుకోడి_నందికొట్కూరు:
రిగ్గు అన్న చెప్పింది కరెక్టే. నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. పోయిన ఏడాది నాటుపెట్ట కింద ఎనిమిది గిన్నె గుడ్లు, ఐదు కోడిగుడ్లు కలిపి పొదగేశాను. కోడిపిల్లలు 21 రోజులకే లేస్తాయి. వీటికి 26 నుంచి 28 రోజులు. 22వ రోజు పొద్దున పెట్ట ఐదు పిల్లలనేసుకుని దిబ్బ మీదికి పోయింది, ఎనిమిది గుడ్లూ చల్లగా పడున్నాయి. పగలగొడితే లోపల చారల పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. ఆ రోజు అన్నం సహించలేదు.

రెండోసారి విడిగా వేశాను, పదకొండు లేచాయి. మూడు నీళ్ల మూకుట్లో పడి చచ్చాయి, అరచెయ్యంత లోతు కూడా లేదు! అప్పటి నుంచి మూకుట్లో గులకరాళ్లు. కింద పేపర్ వేయొద్దు, జారి కాళ్లు పక్కకు పోతాయి, గోనెపట్టా వేయండి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి. మేతకు పాతకుండలో పేడ, చొప్ప తడిపి బోర్లిస్తే చెదలు పడతాయి, వాటికి అంతకన్నా బలం లేదు. గిన్నె పెట్టకు మాత్రం పిల్లలనివ్వొద్దు. మంచులో గడ్డి మీద తిప్పి సగం పోగొడుతుంది.

ఇంకో మాట, అమ్మకం మీద లెక్కలేసుకోకండి. మా వైపు సంతలో వీటిని చూసేవాళ్లే గానీ కొనేవాళ్లు తక్కువ.

చీనీతోట_కళ్యాణదుర్గం:
అన్నలిద్దరికీ థ్యాంక్స్. నిన్న మధ్యాహ్నం డ్రిప్ పైపులు సరిచేసే సాకుతో కూర్చున్నా. ఒంటిగంటప్పుడు కిత్తనార గట్టు దగ్గర ఒకటి కదలకుండా నిలబడింది. ముళ్లు గీరుకుంటూ దూరి చూస్తే, ఎండుటాకుల్లో 19 గుడ్లు! మన కోడిగుడ్డు కన్నా చిన్నవి, కొస సూదిగా, మట్టిరంగు. ఐదు వదిలి మిగతావి తెచ్చా. అత్త రెండు తీసుకుని అట్టు పోయబోయింది. గిన్నె అంచుకు కొడితే పెంకు పగల్లేదు, రోకలి అంచుకు కొట్టింది.

పన్నెండు పొదిగే నాటుపెట్ట కింద పెట్టాం, కోడిగుడ్డు ఒక్కటీ కలపలేదు. నిచ్చెన పని ఈ రాత్రికి. మా ఆయన టార్చి పట్టుకుంటానన్నాడు గానీ ఎక్కనన్నాడు.