అంతర్‌వృత్తి గుర్తింపును కొలిచే ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి ఎలా తేవాలి?

నాగావళి (శ్రీకాకుళం):
నమస్కారమండి. నేను శ్రీకాకుళంలో నర్సింగ్ పాఠాలు చెబుతున్నాను. మా విద్యార్థులు తమను కేవలం నర్సుగానో ఫార్మసిస్టుగానో కాక, అందరూ కలిసిన వైద్య బృందంలో ఒకరిగా ఎంతవరకు భావించుకుంటున్నారో, అంటే వాళ్ల అంతర్‌వృత్తి గుర్తింపును, కొలవాలని తలపెట్టాను. నెదర్లాండ్స్ పరిశోధకులు 2020లో ప్రచురించిన 'ఎక్స్‌టెండెడ్ ప్రొఫెషనల్ ఐడెంటిటీ స్కేల్'లో 12 వాక్యాలున్నాయి. ఆ బృందం నాది అనుకోవడం, దానికి కట్టుబడి ఉండడం, కలిసి పనిచేస్తేనే మేలని నమ్మడం అనే మూడు భాగాలుగా అవి నడుస్తాయి. స్పానిష్ మాట్లాడే ఆరోగ్యశాస్త్ర విద్యార్థులకు ఇలాంటి కొలమానాలను అనువుగా మార్చే పద్ధతినే మనమూ అనుసరించవచ్చా? 1999 నాటి 'రిపల్స్' (రెడీనెస్ ఫర్ ఇంటర్‌ప్రొఫెషనల్ లెర్నింగ్ స్కేల్) ప్రశ్నపత్రమే చాలునని మా సహోద్యోగి ఒకరు అంటున్నారు.

చంపావతి (విజయనగరం):
మేడమ్, రిపల్స్ కొలిచేది కలిసి చదువుకోవడానికి ఉన్న సంసిద్ధతను మాత్రమే. కలిసి చదవడానికి ఇష్టపడుతూనే 'వాళ్లు వేరు, మేము వేరు' అనుకునే విద్యార్థులు మన కళాశాలల్లో కావలసినంత మంది ఉన్నారు కనుక, మీ ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు.

ఇక పద్ధతి సంగతి. స్పానిష్‌లో 'ఇదెంతిదాద్' (ఐడెంటిటీ), 'ప్రొఫెసియోన్' (ప్రొఫెషన్) రోజూ వాడే మాటలే కాబట్టి వాళ్లకు చిక్కు వేరేచోట వస్తుంది. స్పెయిన్‌లో 'ఫిసియోతెరాపియా' (ఫిజియోథెరపీ) అనే కోర్సును చిలీ, అర్జెంటీనాలలో 'కినెసియోలొహియా' అంటారు. స్పెయిన్‌లో 'లొగోపేదియా' (స్పీచ్ థెరపీ) అయినది చిలీలో 'ఫొనోఔదియోలొహియా' అవుతుంది. విద్యార్థిని 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒక దేశంలో కుదిరిన పత్రాన్ని మరో దేశంలో మళ్లీ విద్యార్థుల చేత చదివించి చూసుకోవలసిందే.

మనకు చిక్కు మూలమాటల్లోనే ఉంది. 'గుర్తింపు' అంటే కార్డు, లేదా మెచ్చుకోలు. 'బృందంలో నాకు గుర్తింపు ఉంది' అని రాస్తే, పెద్ద డాక్టరు తన పనిని మెచ్చుకుంటున్నారా అన్న ప్రశ్నగా చదువుకుంటారు. 'వృత్తి' సంగతి మరీ అన్యాయం. మేము ఇలాంటి చిన్న పత్రాన్ని పరీక్షిస్తున్నప్పుడు, ఒక ఫిజియోథెరపీ అమ్మాయి 'ఇతర వృత్తులవారు' అన్న చోట పెన్ను ఆపి, "అంటే వడ్రంగులు, కుమ్మరులా సార్?" అని అడిగింది. తెలుగు పత్రాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిరుగు అనువాదం చేసిన ఇంగ్లీషు లెక్చరరు మాత్రం 'వృత్తి'ని చక్కగా 'ప్రొఫెషన్' అనే రాశారు కనుక, కాగితం మీద తప్పే కనబడలేదు. పది మందిని కూర్చోబెట్టి, ప్రతి వాక్యాన్నీ పైకి చదివించి, తమకు ఏమి అర్థమైందో సొంత మాటల్లో చెప్పించకుండా ముందుకు వెళ్లకండి. 'వృత్తులవారు' బదులు 'హాస్పిటల్లో మనతో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, టెక్నీషియన్లు' అని విడమరచి రాయడమే నయమని నా అభిప్రాయం.

వంశధార:
లెక్కల వైపు నుంచి రెండు మాటలు. క్రోన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య) 0.9 దాటిందని సంబరపడకండి. కొందరు అన్నిటికీ 4, మరికొందరు అన్నిటికీ 5 వేసుకుంటూ నిలువుగా టిక్కులు కొట్టుకుపోయినా ఆల్ఫా ఎక్కువే వస్తుంది. నేను చూసిన ఒక సర్వేలో పత్రం పైన రోల్ నంబరు రాయించి, పాఠం చెప్పే మేడమే వాటిని సేకరించారు. అలాంటప్పుడు 'అంగీకరించను' అని రాసే ధైర్యం ఎవరికుంటుంది? మూడు భాగాలూ మన విద్యార్థుల్లో నిజంగా వేరువేరుగా నిలుస్తున్నాయో లేదో ధ్రువీకరణ కారకాంశ విశ్లేషణతో (జవాబులు మనం అనుకున్న భాగాల ప్రకారమే గుంపులుగా వస్తున్నాయా అని పరీక్షించే లెక్కతో) చూడాలి. ఎంబీబీఎస్ వారి సగటును నర్సింగ్ వారి సగటుతో పోల్చే ముందు, ఇరువురూ ఆ వాక్యాలను ఒకే తీరుగా అర్థం చేసుకుంటున్నారని కూడా తేల్చుకోవాలి. లేకపోతే పోలికే చెల్లదు.

పలాస టెక్నీషియన్:
నేను పరిశోధకుడిని కాను. ఉద్దానం రోగులకు డయాలసిస్ చేస్తాను. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి నాలుగు కిలోలు పెరిగి వచ్చిన మనిషి, ఎండకు ఆగలేక చోడి (రాగి) అంబలి చెంబులకొద్దీ తాగానని డాక్టరుగారికి చెప్పడు, సూది గుచ్చేటప్పుడు నాకు చెబుతాడు. నేను నర్సమ్మకు చెబితే, ఆవిడ డాక్టరుగారికి చెబుతారు. మీరు కొలవాలనుకుంటున్న బృందం మా దగ్గర ఇలాగే ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి ఫారం ఒకటి నింపాను. 'మీ కోర్సు' అన్నచోట డయాలసిస్ టెక్నాలజీ లేదు. 'ఇతరములు' అన్న గడిలో టిక్కు పెట్టి, బృందం నాదేనా అన్న ప్రశ్నకు వెళ్లాను.

నాగావళి:
అందరికీ ధన్యవాదాలండి. టెక్నీషియన్ గారూ, నేను తయారు చేసుకున్న ఫారంలోనూ ఆ 'ఇతరములు' గడి ఉంది. ఈ పూటే తీసేసి, కోర్సు పేరు ఎవరికి వారే రాసుకునేలా ఖాళీ గీత పెట్టాను. రోల్ నంబరు తీసేశాను, పత్రాలు వేయడానికి మెట్ల దగ్గర పెట్టె పెడతాను. వచ్చే వారం పది మంది చేత పైకి చదివించాక, ఏ వాక్యం దగ్గర ఎవరు ఆగారో ఇక్కడ రాస్తాను. 'కట్టుబడి' అన్న మాట మీద మాత్రం నాకు ఇంకా అనుమానంగానే ఉంది, చంపావతి గారూ. మా పిల్లలు దాన్ని బాండ్ రాయడమని అనుకుంటారేమో.