‘పాపిలాన్’ని ఇంకా ఆత్మకథ అనే పిలవాలా?

పుస్తకాల పురుగు:
హెన్రీ షారియర్ రాసిన ‘పాపిలాన్’ని మనలో చాలామంది ఎం.వి.రమణారెడ్డి గారి తెలుగు అనువాదం ‘రెక్కలు చాచిన పంజరం’గానే చదివాం. నేనైతే రెండు రాత్రుల్లో ముగించాను. 1931లో హత్య కేసులో యావజ్జీవం పడి, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా జైళ్లకు పోయి, దొరికినప్పుడల్లా మళ్లీ పారిపోయిన మనిషి తన గోడు తనే చెప్పుకుంటున్నాడని నమ్మి చదివాను. తీరా చూస్తే 1969లో పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, ఇందులో చాలా భాగం కల్పన అంటూ ఫ్రాన్స్‌లో పుస్తకాలు వచ్చాయట. షారియర్ కూడా డెబ్బై ఐదు శాతమే నిజం అన్నాడట. ఆ మిగతా పాతిక ఏదో చెప్పకపోతే ఎలా? నాకు మోసపోయినట్టే ఉంది.

రాత్రి పాఠకుడు:
మోసం అనేది పెద్ద మాటండీ. సెయింట్ జోసెఫ్ దీవిలో ఏకాంత శిక్ష గుర్తు తెచ్చుకోండి. నోరు విప్పకూడదు, అయిదు అడుగులు వేసి వెనక్కి తిరగడం, మళ్లీ అయిదు అడుగులు, అలా రోజంతా. స్నేహితులు దొంగచాటుగా పంపే కొబ్బరికాయ ముక్క కోసం ప్రాణం లేచొచ్చినట్టు ఎదురుచూడటం. అలాంటి జైళ్లు నిజంగా ఉన్నాయి కదా. 1923లోనే ఆల్బర్ లోండ్ర్ అనే జర్నలిస్టు అక్కడికి వెళ్లి చూసి రాశాడు. ఎనిమిదేళ్లు, అంతకు మించి శిక్ష పడినవాళ్లు అది పూర్తయ్యాక కూడా గయానా వదిలి పోకూడదనేది అప్పట్లో అక్కడి చట్టం. ఈ ఘోరం మనదాకా చేరింది షారియర్ వల్లే.

మూడో పేజీ:
రాత్రి పాఠకుడు గారూ, జైలు నిజమని ఎవరూ కాదనట్లేదు. గొడవంతా ‘నేను’ అనే మాట దగ్గరే. పాపిలాన్ చివరికి తప్పించుకున్నానని చెప్పే గయానా జైలు దీవి, డెవిల్స్ ఐలాండ్‌నే తీసుకోండి. అక్కడ ఉంచింది ప్రధానంగా రాజకీయ ఖైదీలని, దేశద్రోహం నేరం తప్పుగా మోపిన ఫ్రెంచ్ సైనికాధికారి డ్రేఫస్‌ని 1895 నుంచి 1899 దాకా పెట్టింది అక్కడే. మరి హత్య కేసు ఖైదీ అక్కడ ఎలా ఉన్నాడు, ఏడో అల కోసం కాచుకుని కొబ్బరికాయల బస్తా మీద సముద్రంలోకి ఎలా దూకాడు అన్నది అడగాల్సిన ప్రశ్నే. తోటి ఖైదీల అనుభవాలను తన ఖాతాలో వేసుకున్నాడన్నదే విమర్శకుల ప్రధాన ఆరోపణ. అదే నిజమైతే నష్టపోయింది మనం కాదు. తీరం కనిపిస్తుండగా బురదలో కూరుకుపోయిన సిల్వైన్‌ని, అతనితో పాటు పారిపోయిన తోటి ఖైదీని, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. నిజంగా అలా పోయినవాడు ఎవడైనా ఉంటే, వాడి చావు ఇంకొకడి సాహసంలో ఒక పేజీగా మిగిలిపోయింది. ‘నేను విన్నవీ కలిపి రాశాను’ అని ముందుమాటలో ఒక్క ముక్క రాసుంటే ఏం పోయేది? నవల అని వేసినా చదివేవాళ్లం, ఇంతే ఇష్టంగా.

రాత్రి పాఠకుడు:
నవల అని వేసుంటే ఇంత సంచలనం అయ్యేది కాదు, అది మాత్రం ఒప్పుకోండి.

మూడో పేజీ:
ఒప్పుకుంటాను, నా కోపం కూడా అక్కడే. నిజం అన్న ముద్రతోనే అమ్ముడుపోయింది. సోవియట్ శిబిరం నుంచి పారిపోయి సైబీరియా నుంచి నడిచొచ్చానన్న రావిచ్ పుస్తకం ‘ది లాంగ్ వాక్’దీ ఇదే కథ. అతను పారిపోలేదు, 1942లో క్షమాభిక్షతో విడుదలయ్యాడని చూపే రికార్డులు 2006లో బీబీసీ వాళ్లకు దొరికాయి.

పుస్తకాల పురుగు:
సిల్వైన్ గురించి మీరన్నది చదివి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. ఈసారి పాపిలాన్ (షారియర్ మారుపేరు అదే కదా) వైపు చూడబుద్ధి కాలేదు, బురదలో ఉన్నవాడినే చూస్తూ చదివాను.