"జీర్ణములైనవి తుంగభద్రలో..." తర్వాత లోపలా, లోయలా?

అరసున్న: రెండు రోజులుగా ఒక పాదం బుర్ర తినేస్తోంది. కొడాలి సుబ్బారావు గారి హంపీక్షేత్రంలోది, ఇక్కడ చాలామందికి బళ్ళోనే నోటికొచ్చి ఉంటుంది. "శిలలు ద్రవించి యేడ్చినవి జీర్ణములైనవి తుంగభద్రలో" వరకు డౌటు లేదు. తర్వాతి పాదం "పల గుడిగోపురంబులు" (ముందున్న "లో"తో కలిసి లోపల) అనా, "యల గుడిగోపురంబులు" (లోయల) అనా? హంపీలోని హేమకూటం కొండ ఫోటోలు చూస్తుంటే గుళ్ళన్నీ కొండవాలులో పరుపుబండ మీద ఉన్నాయి, ఏటి లోపల ఏముందని? అందుకే లోయలేమో అని.

బండి ఱ: "పల"నే. ఆ పాదంలో యతిస్థానంలో, అంటే మొదటి అక్షరంతో పొసగాల్సిన చోట, "సభాస్థలులైనవి" లోని భా ఉంది. దానికి ప పొసగుతుంది, య పొసగదు. చంపకమాల తెలిసినవాళ్ళకి ఇది ప్రశ్నే కాదు.

ద్రుతం: యతి సరే మాస్టారూ, అర్థం మాటేమిటి? లోపల అంటే నీళ్ళలో ఉండాలనేముంది, "ఆ సీమ లోపల" అన్నట్టు తుంగభద్ర ప్రాంతంలో అని తీసుకోవచ్చుగా.

గసడదవ: నాదో పిచ్చి ఊహ, తిట్టకండి. జీర్ణం అంటే శిథిలం ఒక్కటే కాదు, అరగడం కూడా. గుడిగోపురాల్ని నది మింగి అరిగించుకుంది, ఆ "లోపల" నది కడుపు లోపల! మనవాళ్ళు ఈ పద్యాన్ని ఎప్పుడూ ఏడుపు గొంతుతోనే చదువుతారు గానీ, అందులో ఆకలి కూడా ఉంది.

బండి ఱ: ప్రతి పద్యంలోనూ శ్లేష వెతకడం ఒక జబ్బండీ. కర్త గుడిగోపురాలు. అవి జీర్ణమయ్యాయి. అంతే.

గసడదవ: అంతేనా? మొదట శిలలు "ద్రవించి", మూడో పాదంలో చరిత్రలో "మునిగి". మధ్యలో నది. పద్యమంతా నీళ్ళే. "ప్రాంతంలో" అంటే ఆ వరస తెగిపోతుంది. యతి చూసే కంటికి ఇది ఆనదు లెండి :)

వలపలగిలక: పద్యం కాసేపు పక్కన పెట్టి రాయి సంగతి చూడండి. హేమకూటం మీద గుళ్ళకు అసలు గోపురాలే లేవు. రెండంతస్తుల ద్వారమండపాలున్నాయి, మిగతావి చిన్న గుళ్ళు, కొన్నిటికి ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్ళు. మెట్లుమెట్లుగా పైకి సన్నబడే ఆ కప్పు మొత్తం రాయే, అందుకే నిలబడింది. విఠలాలయంలాంటి తర్వాతి గుళ్ళ గోపురాలు అలా కాదు, కింద రాయి, పైన ఇటుకా సున్నం. 1565లో విజయనగరం పడిపోయాక పట్టించుకునేవాడు లేక రాలిపోయింది ఆ పైభాగమే. కాబట్టి "జీర్ణములైనవి" ఆ గోపురాలకు అక్షరాలా సరిపోతుంది, మీ ఫోటోలోని కొండకు సరిపోదు. లోపలా లోయలా అన్న గొడవకి హేమకూటాన్ని సాక్ష్యం పిలవడమే తప్పు.

ద్రుతం: హేమకూటం మీదివి జైన బసదులు (జైన గుళ్ళు) కదండీ? గైడు అలాగే చెప్పాడు.

వలపలగిలక: గైడ్లందరూ చెప్తారు. కప్పు ఆకారం చూసి పుట్టిన మాట అది. అక్కడే ఒక త్రికూటాలయంలో (మూడు గర్భగుళ్ళ గుడిలో) శాసనం ఉంది, ముమ్మడి సింగెయ నాయకుడి కొడుకు వీర కంపిలదేవుడు మూడు శివలింగాలు ప్రతిష్ఠించాడని. 14వ శతాబ్ది మొదట్లో, అంటే విజయనగరం పుట్టకముందే. ఆ కొండ మీదే మూల విరూపాక్షుడి గుడీ ఉంది. శివుడి కొండ అది.

అరసున్న: పురందర మండపం ఏటి ఒడ్డునే ఉంది కదా, డ్యాం నీళ్ళు వదిలినప్పుడు మునుగుతుంది. "లోపల" అంటే అదేమో?

బండి ఱ: ఒక్క మండపం మునిగితే బహువచనంలో గోపురాలు ఎలా వస్తాయండీ.

ద్రుతం: హేమకూటం దక్షిణపు వాలులో ఆవగింజ వినాయకుణ్ణి మర్చిపోయారు అందరూ. కన్నడంలో సాసివెకాళు. ఎనిమిదడుగుల ఏకశిల, 1506లో చంద్రగిరి వర్తకుడు పెట్టించింది. మన చంద్రగిరే!

గసడదవ: చంద్రగిరి షావుకారుకి అక్కడ వినాయకుణ్ణి నిలిపే స్థోమతుంది, అంతకు ముందు విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కాలంలో వెళ్ళిన మన శ్రీనాథ కవేమో "తల్లీ కన్నడ రాజ్యలక్ష్మి" అని వాపోవాల్సొచ్చింది. హంపీ అనగానే నాకు గోపురాలు కాదు, ఆ పద్యంలోని కుల్లాయి (టోపీ), వెల్లుల్లి, "చల్లా యంబలి ద్రావితిన్" గుర్తొస్తాయి. నేరుగా దెప్పకుండా తిండి మీదా బట్టల మీదా పెట్టి దెప్పడం ఆయనకే చెల్లింది.

బండి ఱ: "చల్లాయంబలి"లో ఆ ల్లా దీర్ఘం శార్దూలం కోసం. మొదటి గణం మగణం (మూడూ గురువులే) కావాలి కాబట్టి. చల్ల (మజ్జిగ) కలిపిన అంబలి.

గసడదవ: కాదు మాస్టారూ, అది సముచ్చయం. అమ్మా నాన్నా అన్నట్టు చల్లా, అంబలీ. రెండు వేర్వేరు వస్తువులు.

బండి ఱ: అయితే అంబలి చివర దీర్ఘం ఏది?

గసడదవ: అది పెడితే మీ శార్దూలం ఊరుకుంటుందా?

వలపలగిలక: బళ్ళారి వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, అక్కడ అంబలిలో చల్ల ముందే కలుపుతారా, పక్కన పోస్తారా?