అప్‌డేట్: నా భార్యకు చెప్పాను, టెస్ట్ కూడా అయింది

నాకు హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్) ఉందని తేలాక, ఈ సంగతి భార్యకు చెప్పాలా, ఆమెకూ టెస్ట్ అవసరమా అని ఇక్కడ అడిగాను. దాచొద్దని చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

చెప్పేశాను. ఆమె మొదట అడిగింది, "ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?" అని. ఆ ప్రశ్నకే నేను భయపడింది. ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఇది ముఖ్యంగా రక్తం ద్వారా వస్తుందనీ, ఒకరితో ఒకరికే సంబంధం ఉన్న స్త్రీపురుషుల మధ్య సెక్స్ ద్వారా సోకడం చాలా అరుదనీ ఆయన ఆమెకే నేరుగా వివరించారు. హెచ్‌ఐవీ ఉన్నా, పురుషుల మధ్య సంబంధమైనా రిస్క్ ఎక్కువట. నేను వంద సార్లు చెప్పినా రాని నమ్మకం ఆ మాటతో వచ్చింది. అందుకే జంటగా వెళ్లమంటాను.

ఆమెకు యాంటీబాడీ టెస్ట్ (వైరస్ ఎప్పుడైనా సోకిందా అని చూసే రక్తపరీక్ష) నెగెటివ్. పాజిటివ్ వస్తే వైరస్ ఇప్పుడూ ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ టెస్ట్‌తో చూస్తారు. సోకిన కొత్తలో యాంటీబాడీలు కనిపించకపోవచ్చు కాబట్టి మళ్లీ ఒకసారి చేయిద్దామన్నారు.

రేజర్లు, టూత్‌బ్రష్‌లు వేరు చేశాం. కలిసి తినడానికి, కౌగిలించుకోవడానికి అడ్డేమీ లేదు. నా మాత్రలు మొదలయ్యాయి, 12 వారాల కోర్సు. 95 శాతానికి పైగా మందికి నయమవుతుందట.