అంగిలి క్యాన్సర్ తర్వాత మింగడం నేర్పేవారు శ్రీకాకుళం వైపు ఉన్నారా?

మాది సోంపేట దగ్గర పల్లె. అమ్మకు 61 ఏళ్లు. మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే ఏళ్ల తరబడి అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం ఇక్కడ వింతేమీ కాదు. అంగిట్లో పుండు క్యాన్సరని తేలింది. విశాఖలో ఆపరేషన్ చేసి, వారానికి 5 రోజుల చొప్పున 30 సార్లు రేడియేషన్ ఇచ్చారు.

డాక్టర్లు తమ పని బాగానే చేశారు. కానీ మాకు ధైర్యం ఇచ్చింది అక్కడి నర్సమ్మ. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలని, పోశాక అరగంట పడుకోనివ్వకూడదని, చివర మంచినీళ్లు పోసి గొట్టం శుభ్రం చేయాలని చెప్పి ఊరుకోలేదు, నా చేత చేయించి చూసింది. బిగుసుకున్న నోరు బాగా తెరుచుకోవడానికి ఫిజియోథెరపిస్టు ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పళ్ల మధ్య పెట్టి, మెల్లగా ఒక్కొక్కటి పెంచమన్నారు. 11 పుల్లల దగ్గర ఆగిపోయాం. పన్నెండోది పెడితే అమ్మ కళ్లనిండా నీళ్లు.

గొట్టం తీసేశారు. చిక్కటి రాగి అంబలి దిగుతోంది గానీ నీళ్లు తాగితే పొలమారుతోంది. ఆహారం చీటీలో ఓట్స్, పనీర్ అని రాశారు. మా ఇంట్లో అవి ఎవరు తిన్నారు?

మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టు పలాస, టెక్కలి, శ్రీకాకుళంలో ఎక్కడైనా ఉన్నారా? ఫోనులో చూసి చెప్పేవారైనా సరే. పుల్లలు పెంచాలా, కొన్నాళ్లు ఆపాలా? మా ఊరి ఏఎన్ఎం సాయం చేస్తానంటోంది, ఆమెకు ఏం నేర్పించమంటారు? ఇలాంటి రోగిని ఇంట్లో చూసుకున్నవారు, నర్సులు ఎవరైనా చెప్పండి.