జీడితొక్క నూనె కెమిస్ట్రీకి అవార్డులు: పిక్కలు కొట్టే షెడ్డు లెక్కలోకి రావాలా, వద్దా?

ఉద్దానం మాస్టారు:
మా స్టాఫ్‌రూములో తెగని వాదన ఇది, ఇక్కడ పెడుతున్నాను. జీడితొక్క నూనె నుంచి కొత్త పదార్థాలు తయారుచేసినవాళ్లకి పరిశ్రమ తరఫున అవార్డులివ్వడం మంచిదే. మన దగ్గర చాలాకాలం ఆ తొక్కని పొయ్యిలో పెట్టే చెత్తగానే చూశాం. నా పేచీ అర్హతల దగ్గర. కొత్తదనం ఏమిటి, పేటెంటు ఉందా, అమ్మకాలెంత అని అడిగి ఊరుకుంటే చాలదు. ఆ పిక్కని, అంటే తొక్కతో ఉన్న జీడిగింజని, ఎవరు కొట్టారు, వాళ్ల చేతులు ఎలా ఉన్నాయి అని కూడా అడగాలంటాను. మా తోటి లెక్చరర్ ఒప్పుకోడు. కెమిస్ట్రీ అవార్డు కెమిస్ట్రీకే, కూలీల సంగతి చూడటానికి లేబర్ శాఖ ఉంది అంటాడు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పచ్చి తొక్క నూనెలో ఎక్కువ పాలు అనకార్డిక్ ఆమ్లం, ఆ తర్వాత కార్డాల్, కొద్దిగా కార్డనాల్. బాగా వేడిచేస్తే ఆమ్లం కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. మిల్లులో కాచేటప్పుడు నూనె నురగెత్తి పొంగేది ఆ వాయువు వల్లే. రెసిన్లకీ, బ్రేకు లైనింగులకీ, పెయింట్లకీ కావలసింది కార్డనాల్. చర్మాన్ని కాల్చడంలో కార్డాల్ మహా ఘాటు. మామిడి సొన తగిలితే పెదవి పొక్కుతుందే, జీడిదీ ఆ కుటుంబమే.

పూతల పరిశోధకుడు, హైదరాబాద్:
మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. కార్డనాల్ ఎంత మొండి సరుకో పని చేసినవాళ్లకే తెలుస్తుంది. ఫినాల్ వలయానికి పదిహేను కార్బన్ల తోక ఉంటుంది. ఆ తోకలో ద్వంద్వబంధాలు కొన్నిటికి అసలు ఉండవు, కొన్నిటికి మూడుంటాయి. అన్నీ కలగాపులగంగా వస్తాయి. ఈ డ్రమ్ములో సరుకు ఉన్నట్టు ఆ డ్రమ్ములో ఉండదు. నిల్వ పెడితే ఎర్రబడుతుంది. మామూలు పీడనంలో స్వేదనం చేయబోతే గడ్డకడుతుంది కాబట్టి వాక్యూమ్ పెట్టాలి. అలాంటి దాని మీద తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధనశాలలో, అంటే ఇప్పటి నిస్ట్‌లో, సి.కె.ఎస్. పిళ్లై గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఈ పనిని గుర్తించే వేదికలే తక్కువ. దానికి షెడ్డు తనిఖీ కూడా తగిలిస్తే పీహెచ్‌డీ చేసే కుర్రాడు దరఖాస్తే పెట్టడు. అతను కొనేది ఒక డబ్బా నూనె. అది ఏ షెడ్డు నుంచి వచ్చిందో అతనికెలా తెలుస్తుంది?

విశాఖ కోటింగ్ ఇన్‌స్పెక్టర్:
ఓడల పెయింటు తనిఖీ నా ఉద్యోగం. కార్డనాల్‌కి ఫార్మాల్డిహైడ్, అమైన్ కలిపి చేసే ఫినాల్కమైన్ అనే హార్డెనర్, అంటే పెయింటుని గట్టిపరిచే సరుకు, లేకపోతే వానాకాలంలో మా పని సగం ఆగిపోతుంది. కొన్ని అమైన్ హార్డెనర్లతో ఎపాక్సీ పెయింటు వేస్తే గాలిలో తేమకి పైన జిడ్డు పొర తేలుతుంది. దాన్ని కడిగి, మళ్లీ గరుకు పెట్టి, అప్పుడు రెండో కోటు వేయాలి. ఫినాల్కమైన్‌తో ఆ బాధ బాగా తక్కువ. చలిదేశాల యార్డుల్లో సున్నా డిగ్రీల దగ్గర కూడా గట్టిపడుతుంది. దీన్ని కనిపెట్టినవాళ్లకి దండ వేయాల్సిందే.

కానీ సార్, ఎలా తెలుస్తుంది అన్న మీ ప్రశ్న నాకు మింగుడుపడలేదు. మా దగ్గర ప్రతి పెయింటు డబ్బాకీ బ్యాచ్ నంబరు ఉంటుంది. ప్రతి ఉక్కు ప్లేటుకీ మిల్లు సర్టిఫికెట్ ఉంటుంది. నూనె డ్రమ్ముకి మాత్రం ఎందుకు కుదరదు?

కాశీబుగ్గ కోడలు:
నేను పెళ్లయి వచ్చాక కటింగ్‌లో చేశాను, ఇప్పుడు గ్రేడింగ్‌కి మారాను. కటింగ్ అంటే ఏటో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

ఉడికించి ఆరబెట్టిన పిక్కని ఒక చేత్తో రెండు బ్లేళ్ల మధ్య పెట్టాలి. కాలితో పెడలు తొక్కాలి, రెండో చేత్తో పిడి లాగాలి. తొక్క విడేటప్పుడు నూనె చిమ్మేది పిక్క పట్టుకున్న వేళ్ల మీదికే. బూడిద పూసుకుంటాం, ఆముదం రాసుకుంటాం. అయినా బొటనవేలు, చూపుడువేలు నల్లబడి తోలు పొరలుగా లేస్తుంది. పచ్చడి కలిపితే ప్రాణం పోతుంది. గ్లవుజులు ఇవ్వలేదని అనను, ఇచ్చారు. కూలి కిలోల లెక్క. గ్లవుజు వేస్తే పిక్క జారుతుంది, సాయంత్రం తూకం తగ్గుతుంది, అందుకని తీసేస్తాం. రేషను కాడ వేలిముద్ర పడదు. చెయ్యి తుడుచుకోమంటారు, ఇంకో వేలు పెట్టమంటారు, చివరికి ఇంట్లో ఇంకెవరినైనా తీసుకురమ్మంటారు.

చదువుకున్నవాళ్లకి అవార్డిస్తే నాకేం కడుపుమంట లేదు. గ్లవుజు వేసుకున్నా పిక్క జారని మిషను ఎవరైనా చేస్తే, చేతికి పట్టకుండా నూనెని అడ్డుకునే పూత ఏదైనా చేస్తే, అది కూడా కనిపెట్టడమే కదండీ? దానికి మీ అవార్డుల్లో చోటుందా?

పలాస బాయిలర్ బాబాయి:
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. చిన్న యూనిట్ నడుపుతున్నవాడిగా నా మాట కూడా వినండి.

పూర్వం డ్రమ్ములో కాల్చేవాళ్లం. నూనె చాలావరకు మంటకే పోయేది, వీధంతా పొగ, కళ్లు మండేవి. ఆవిరి బాయిలర్లు వచ్చాక పొగ తగ్గింది. నూనె మాత్రం తొక్కలోనే ఉండిపోతుంది. తొక్క నుంచి నూనె పిండే ఎక్స్‌పెల్లర్ మిల్లువాడికి అది లాభం, కటింగ్ చేసేవాళ్ల వేళ్లకి అదే గండం. కాల్చిన తొక్క పెళుసుగా పగిలేది, ఉడికిన తొక్క తడిగా నూనెతో విడుతుంది. ఊరి గాలి బాగుపడ్డందుకు ఈ ఆడవాళ్ల చేతులు మూల్యం కట్టాయని నేను ఎప్పటినుంచో అంటున్నాను. మావాళ్లే వినరు.

ఇన్‌స్పెక్టర్ గారికి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. మాకిప్పుడు ఇక్కడి పిక్కా వస్తుంది, ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్కా వస్తుంది. తొక్కలన్నీ ఒకే లారీలో మిల్లుకి పోతాయి. మిల్లులో పది యూనిట్ల తొక్క కలిసి ఒకే గోతిలో పడుతుంది. డ్రమ్ము మీద ఎవరి పేరు రాస్తారు? వియత్నాంలో లాగ కటింగ్‌కి ఆటోమేటిక్ మిషన్లు పెట్టమని సలహాలు వస్తాయి. పెడితే చేతులు బాగుంటాయి, ఆ చేతులకి పని ఉండదు.

న్యూజెర్సీ తెలుగు:
ఈ నూనె కథలో మా రాష్ట్రానికి పాత వాటా ఉంది. 1920ల నుంచి మోర్టిమర్ హార్వే అనే రసాయనవేత్త దీని మీద వరసగా పేటెంట్లు తీసుకున్నారు. ఇక్కడి ఇర్వింగ్టన్ వార్నిష్ కంపెనీ దాన్ని వ్యాపారం చేసింది. బ్రేకు లైనింగుల్లో జీడి రెసిన్ పొడి ఆ దారిలోనే వచ్చింది. హార్వేది గొప్ప పని. అయితే ఆనాటి నుంచీ ఈ రంగంలో ఆవిష్కర్త అంటే పేటెంటు మీద పేరున్నవాడే అన్న అలవాటు స్థిరపడిపోయింది.

నేను కెమికల్ రెగ్యులేషన్‌లో పనిచేస్తాను. కంపెనీలు కార్డనాల్ సరుకుని దేని పేరు చెప్పి అమ్ముతున్నాయో చూడండి. మొక్క నుంచి వచ్చింది, తిండికి పోటీ కాదు, జలచరాలకి హాని చేసే నోనైల్ ఫినాల్ అనే రసాయనానికి బదులు వాడొచ్చు అని చెబుతారు. నిజమే కూడా. పదార్థంలో మొక్క కార్బన్ ఎంతో ఏఎస్‌టీఎం డి6866 అనే ప్రామాణిక పరీక్ష పద్ధతిలో కార్బన్-14 కొలిచి సర్టిఫికెట్ చూపిస్తారు. అంటే సరుకు పుట్టుక మీదే ధర అడుగుతున్నారు. పుట్టుకని చూపించి అమ్ముకునేవాళ్లు ఆ పుట్టుక దగ్గర ఏం జరుగుతోందో చెప్పాల్సిన పూచీ కూడా తీసుకోవాలి. యూనివర్సిటీ విద్యార్థికి ఆ పూచీ లేదు. అతను ఏమీ అమ్మడం లేదు.

పూతల పరిశోధకుడు, హైదరాబాద్:
ఈ తేడా నాకు నచ్చింది. ల్యాబ్ పరిశోధనకి షెడ్డు షరతు వద్దు, అక్కడ నేను కదలను. మార్కెట్లో సరుకు ఉన్న కంపెనీని అడగండి, అభ్యంతరం లేదు. కాశీబుగ్గ మేడమ్ అడిగిన చేతి పూత గురించి మాత్రం నాకు తట్టిన మాట చెబుతాను. అది ముమ్మాటికీ కెమిస్ట్రీ సమస్యే. కార్డాల్‌ని చర్మం చేరకముందే పట్టేసే క్రీము, చెమటకి కరగనిది, జారనిది, పప్పుకి అంటినా హాని లేనిది చేయడం ఫినాల్కమైన్ చేసినంత కష్టం. అది చేసినవాళ్లకి మొదటి బహుమతి ఇస్తే నేను లేచి చప్పట్లు కొడతాను.

కాశీబుగ్గ కోడలు:
చేయండి సార్. కానీ కాగితం చూసి సంతకం పెట్టేవాళ్లని పంపొద్దు. వచ్చేవాళ్లు సీజన్లో, కటింగ్ జోరుగా ఉన్నప్పుడు, సాయంత్రం తూకం వేళకి రండి. ఉదయం అందరి చేతులకీ గ్లవుజులుంటాయి.

ఉద్దానం మాస్టారు:
అయితే నా కోరిక మార్చి రాస్తున్నాను. పరిశోధన విభాగంలో ఇప్పుడున్న నియమాలే. వ్యాపార విభాగంలో కంపెనీ తన నూనె ఏయే మిల్లుల నుంచి కొంటోందో, ఆ మిల్లులకి తొక్క ఏయే యూనిట్ల నుంచి వస్తోందో జాబితా ఇవ్వాలి. బాబాయి అన్నట్టు డ్రమ్ముకి పేరు పెట్టలేం, జాబితా మాత్రం ఇవ్వగలరు. మూడో విభాగం షెడ్డు పనికి సంబంధించిన ఆవిష్కరణలది, అందులో డిగ్రీ అడగకూడదు.

పలాస బాయిలర్ బాబాయి:
జాబితాకి నేను సరే. ఒక్క సంగతి తేలాలి మాస్టారూ. జాబితాలో ఎక్కాలంటే షెడ్డు బాగుచేయాలి, కటింగ్ రేటు పెంచాలి, గ్లవుజు వేసుకుని నెమ్మదిగా కొట్టినా కూలి తగ్గకూడదు. ఆ ఖర్చు తొక్క ధరలో కలపకపోతే చిన్నవాళ్లం జాబితా నుంచి జారిపోతాం, పెద్ద ఫ్యాక్టరీలే మిగులుతాయి. అవార్డు తీసుకునే కంపెనీ కిలో తొక్కకి ఎంత ఎక్కువ ఇస్తుందో కూడా దరఖాస్తులో రాయించండి.