దక్షిణాఫ్రికా: 1994 ఓటు పేదింటికి ఏం తెచ్చింది?

తూర్పుగట్టు: "ఓటొచ్చింది గానీ కూడు రాలేదు" అని, 1994లో తొలిసారి అన్ని జాతులవారూ ఓటేసిన దక్షిణాఫ్రికా గురించి ఇక్కడ ఒకరన్నారు. అన్యాయమైన మాట. 1996 జనగణన నాటికి కరెంటు దీపమున్న ఇళ్లు నూటికి 58. 2022కి 94 దాటాయి. ప్రభుత్వం కట్టించిన ఇళ్లు 30 లక్షల పైచిలుకు. 1998లో ఏడేళ్లలోపు పిల్లలకు నెలకు 100 రాండ్లతో (రాండ్ అక్కడి కరెన్సీ) మొదలైన భృతి ఇప్పుడు 18 ఏళ్లు నిండేదాకా అందుతోంది. వర్ణవివక్ష పాలనే సాగి ఉంటే ఇవన్నీ నల్లవారి గడప తొక్కేవా?

లెక్కసరి: ఆ మాటన్నది నేనే. 2024లో ఆ భృతి 530 రాండ్లు. ఒక మనిషికి నెలంతా ఒట్టి తిండికే 796 కావాలని ఆ దేశ గణాంక శాఖే లెక్కగట్టింది. పనిలో ఉన్నవాళ్లను, పని కోసం తిరిగేవాళ్లను కలిపి చూస్తే దాదాపు మూడో వంతుకి పని లేదు. నేనన్న కూడు ఇది.

లైన్‌మన్: ఆ 94 దగ్గర కాసేపు ఆగండి. తీగ లాగడం వేరు, కరెంటు ఉండటం వేరు. పేద ఇళ్లకు ఉచితంగా ఇచ్చేది 20 ఆంపియర్ల కనెక్షన్. అంటే 230 వోల్టుల మీద 4,600 వాట్లు. రెండేసి వేల వాట్ల హాట్‌ప్లేటు, కెటిల్ నడుస్తుండగా ఇస్త్రీపెట్టె పెడితే బ్రేకర్ పడిపోతుంది. మీటరేమో ప్రీపెయిడ్. డబ్బు కడితే 20 అంకెల నంబరిస్తారు, మీటరు మీద నొక్కుకోవాలి. నిరుపేదలకు నెలకు 50 యూనిట్లు ఉచితం, అయితే ఏ నెల నంబరు ఆ నెలే తీసుకోవాలి, లేదంటే పోయినట్టే. 50 యూనిట్లు దీపాలకి, టీవీకి వస్తాయి, రోజువారీ వంటకు చాలవు. చేతిలో డబ్బాడనప్పుడు మీటరు తప్పించి తీగ కలుపుకుంటారు. అలాంటి ఇళ్లు పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ మోయలేక కాలిపోతుంది, బిల్లు కట్టిన పక్కింటికీ చీకటే. అందుకే ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్ కొన్ని పేటల్లో పొద్దునా సాయంత్రం వాడకం ఎక్కువున్న వేళల్లో సరఫరా ఆపేస్తూ వచ్చింది.

లోడ్‌షెడ్డింగ్, అంటే ఉత్పత్తి చాలక వంతులవారీగా పెట్టే కోతల కథ వేరు. 2007 ప్రాంతానికి మిగులు ఉత్పత్తి అయిపోతుందని 1998లోనే ప్రభుత్వ శ్వేతపత్రం చెప్పింది. మెడుపి విద్యుత్ కేంద్రం పని మొదలైందే 2007లో, అందులో ఆఖరి ఉత్పత్తి యంత్రం అందివచ్చింది 2021లో. ఈ జాప్యాన్ని క్షమించలేం.

పట్నంప్లాను: ఇళ్లదీ అంతే. 1994లో ఇంటికి గరిష్ఠ సబ్సిడీ 15,000 రాండ్లు. స్థలం, నీళ్ల పైపు, మురుగు కాలువ, గోడలు, కప్పు అన్నీ అందులోనే. దాంతో చవక భూమి దొరికే ఊరి అంచుకే పోయారు. తొలినాళ్ల ఇళ్లు చాలావరకు 30 చదరపు మీటర్లకు మించలేదు. పని ఊళ్లో, ఇల్లు అంచున. కూలిలో పెద్ద ముక్క మినీబస్ ట్యాక్సీకే పోతుంది. పైగా ఎనిమిదేళ్లదాకా సొంతంగా అమ్ముకోకూడదు. అవసరమొచ్చినవాళ్లు చేతిరాతతో అమ్మేశారు, పట్టా పాత పేరు మీదే ఉండిపోయింది. కొన్నవాడికి బ్యాంకు అప్పు పుట్టదు.

తూర్పుగట్టు: ఇవన్నీ ఒప్పుకుంటాను. మరి హెచ్‌ఐవీ సంగతి? తల్లి నుంచి బిడ్డకు సోకకుండా నెవిరపిన్ అనే మందు ఇవ్వాల్సిందేనని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వం మెడలు వంచింది. 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులొచ్చాయి, పడిపోయిన సగటు ఆయుర్దాయం మళ్లీ లేచింది. 1996 రాజ్యాంగం లేకపోతే ఆ తల్లులు ఏ తలుపు తట్టేవారు?

లెక్కసరి: అది నిజమైన గెలుపే, కాదనను. కానీ పని ఇవ్వమని కోర్టు ఉత్తర్వివ్వలేదు. 2024 ఎన్నికల్లో, 1994 నుంచి పాలిస్తున్న పార్టీ ఏఎన్‌సీ 40 శాతం ఓట్ల దగ్గర ఆగి మెజారిటీ పోగొట్టుకుంది. నిరుద్యోగం, కరెంటు కోతలు అందులో పెద్ద కారణాలే.

లైన్‌మన్: అలాగైతే కొత్త సంకీర్ణాన్ని ఎన్ని కనెక్షన్లిచ్చారని అడగొద్దు. ఏ పేటకు నెలలో ఎన్ని గంటలు సరఫరా ఆగింది, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని రోజులకు మార్చారు, ఆ రెండు లెక్కలు అడగండి.